సాయంత్రం ఏడుంబావుకి, గుమ్మం దగ్గర

ప్రశ్న

నమస్తే మేడమ్. మాది గుంటూరు, బ్రాడీపేట. నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పొద్దున ఎనిమిదింటికల్లా బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి ఏడుంబావు అవుతుంది. మాకు 20 నెలల బాబు. పగలంతా మా అత్తయ్యగారే చూసుకుంటారు. ఆవిడ దగ్గర అన్నం తింటాడు, చెప్తే వింటాడు, మధ్యాహ్నం పడుకుంటాడు. నా దగ్గరికి వచ్చేసరికి వేరే పిల్లాడైపోతాడు. నన్ను కొరుకుతాడు.

రెండు నెలల నుంచి ఇదే వరస. నేను రాగానే పరిగెత్తుకుంటూ వస్తాడు. ‘ఉండు నాన్నా, చేతులు కడుక్కుని వస్తా’ అని బాత్రూమ్‌లోకి వెళ్తాను. తలుపు బాదుతూ ఏడుస్తాడు. బయటికొచ్చి ఎత్తుకుంటే ఒక్క నిమిషం భుజమ్మీద తల పెట్టుకుని, కసుక్కున కొరికేస్తాడు. రెండుసార్లు రక్తం వచ్చింది. రాత్రి పాలు తాగుతూ కూడా ఒకటి రెండుసార్లు కొరికాడు. మొన్న మంగళగిరిలో మా ఆడపడుచు గృహప్రవేశంలో అందరి ముందూ నా చెయ్యి కొరికాడు. ఆదివారాలు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం దాదాపు కొరకడు.

అత్తయ్యగారు ‘పళ్లొస్తున్నాయి, అదే పోతుంది’ అంటారు. మావారు ఊరికే ‘హాం హాం’ అంటూ వాడి బుగ్గలు కొరికినట్టు ఆడిస్తుంటారు. వాడు మొదటిసారి నన్ను కొరికినప్పుడు పగలబడి నవ్వారు, ఇప్పుడేమో ‘నువ్వే గారాబం చేశావు’ అంటున్నారు. పక్కింటావిడ ‘నువ్వూ ఒకసారి గట్టిగా కొరుకు, దెబ్బకి మానేస్తాడు’ అంది. మా పిన్ని పెదాలకి కాస్త కారం రాయమంది. పోయిన వారం నొప్పి తట్టుకోలేక చెంప మీద ఒక్కటి వేశాను. వాడు ఏడవలేదు. నన్నలా చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు నన్ను నిద్రపోనివ్వడం లేదు. పంటి గాట్లు కనపడకుండా ఈ ఎండల్లో పొడుగు చేతుల కుర్తీలు వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నాను. పదో పన్నెండో మాటలు వచ్చు వాడికి. నేనంటే వాడికి కోపమా? ఉద్యోగం మానెయ్యాలా?

— ఒక అమ్మ, గుంటూరు

సమాధానం

ముందు మీ ఆఖరి రెండు ప్రశ్నలూ తేల్చేద్దాం. మీరంటే వాడికి కోపం లేదు. ఉద్యోగం మానక్కర్లేదు. ఇక తీరిగ్గా మాట్లాడుకుందాం.

విజయవాడ సత్యనారాయణపురంలో 22 ఏళ్లు ప్లేస్కూల్ నడిపాను. కొరికే పిల్లలు లేకుండా ఒక్క ఏడాది కూడా గడవలేదు. ఏడాది దాటాక మొదలై, మూడేళ్లు నిండేసరికి ఆ అలవాటే లేనట్టు మర్చిపోతారు. నా దగ్గర అందరికంటే గట్టిగా కొరికిన పిల్ల ఇప్పుడు పళ్ల డాక్టరు. వాళ్లమ్మ కనిపించినప్పుడల్లా ఇద్దరం నవ్వుకుంటాం. కాబట్టి మీ పిల్లాడిలో ఏదో లోపం ఉందని ముందే మనసులో పెట్టుకోకండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జవాబు చాలావరకు మీరే రాసేశారు, మీకు తెలియకుండానే. ‘ఆదివారాలు దాదాపు కొరకడు’ అన్నారు చూశారా, అక్కడ ఆగాను.

అత్తయ్యగారి మాటలో సగం నిజం ఉంది. పాలపళ్లు మొత్తం 20. వాటిలో కోరపళ్లు సాధారణంగా 16 నుంచి 22 నెలల మధ్య వస్తాయి, అంటే మీవాడికి సరిగ్గా ఇప్పుడే. ఆ తర్వాత 23 నెలల నుంచి 33 నెలల లోపు వెనక దవడపళ్లు. చిగుళ్లు సలుపుతుంటే దేన్నైనా గట్టిగా కొరికితే హాయిగా ఉంటుంది. కానీ పళ్లకి ఆదివారం తెలియదు కదా! పళ్లే కారణమైతే అత్తయ్యగారినీ కొరకాలి, మధ్యాహ్నమూ కొరకాలి. రోజూ ఏడుంబావుకి మీ భుజమే ఎందుకు?

పగలంతా వాడు నాయనమ్మ దగ్గర ‘బుద్ధిగా’ ఉంటాడని మురిసిపోతూ రాశారు. అంత బుద్ధిగా ఉండటం 20 నెలల పిల్లాడికి ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. పొద్దున ఎనిమిదింటికి మీరు చెప్పుల్లో కాళ్లు పెట్టడం చూశాడు. పదకొండు గంటలకి పైగా మీకోసం చూశాడు. గడియారం తెలియదు, బస్సు తెలియదు, మీరు ప్రకాశం బ్యారేజీకి ఇవతల ఉన్నారో అవతల ఉన్నారో తెలియదు. తాళం చప్పుడు కాగానే వాడి ఒళ్లంతా పరుగవుతుంది. ఎదురొచ్చాడు. మీరు తలుపు వేసుకున్నారు.

మీ తప్పని అనడం లేదు. రెండు బస్సుల దుమ్ముతో ఏ తల్లీ పిల్లాణ్ణి ఎత్తుకోదు. కానీ మీకు రెండు నిమిషాలు పట్టే ఆ చేతులు కడుక్కోవడం, వాడికి మాత్రం ఆ రోజులో రెండోసారి మీరు వెళ్లిపోవడం. తలుపు తీసుకుని బయటికొచ్చి ఎత్తుకునేసరికి ఆనందం, కోపం, ఆకలి, నిద్ర అన్నీ కలిసి గొంతులో ఉంటాయి. మాటలేమో పన్నెండు. అమ్మ, తాత, బువ్వ, టాటా. ఇలాంటి పన్నెండు మాటలతో ‘ఇంతసేపు ఎక్కడికెళ్లావే’ అని ఎలా అడుగుతాడు? నోటికి మీ భుజం ఎదురుగా ఉంది.

మిమ్మల్నే కొరకడానికి కారణం కూడా అదే. పిల్లలు రోజంతా అణుచుకున్నదాన్ని, ఏం చేసినా వదిలేసి వెళ్లదన్న మనిషి దగ్గరే బయట పెడతారు. ప్లేస్కూల్లో ఇది రోజూ చూసేదాన్ని. ఉదయం నుంచి పువ్వులా ఉన్న పిల్ల, మూడింటికి గేటు దగ్గర అమ్మని చూడగానే నేల మీద పడి దొర్లుతుంది. ఆ తల్లి నావైపు నేరంగా చూస్తుంది, మేమేదో చేశామన్నట్టు.

కాబట్టి ముందు మార్చాల్సింది ఆ గుమ్మం దగ్గరి పది నిమిషాలు. పిల్లాడి సంగతి తర్వాత.

రేపటి నుంచి ఇలా చేసి చూడండి. గుమ్మంలోకి రాగానే బ్యాగు పక్కన పెట్టి, అక్కడే కింద కూర్చోండి. నిలబడి ఎత్తుకోవద్దు. ఎత్తుకుంటే వాడి నోరు సరిగ్గా మీ భుజం ఎత్తుకి వస్తుంది. కూర్చుంటే ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా ఉంటాయి, నోరు తెరవబోతుంటే కనిపిస్తుంది. వాడి పేరు పెట్టి పిలిచి, ‘అమ్మ వచ్చేసింది. ఎంతసేపు చూశావురా నాకోసం’ అనండి. అర్థం కాదనుకోకండి, పలకగలిగిన మాటల కంటే అర్థమయ్యే మాటలు వాళ్లకి చాలా ఎక్కువ. తర్వాత ‘దా, మనిద్దరం చేతులు కడుక్కుందాం’ అని వాణ్ణి కూడా బాత్రూమ్‌లోకి తీసుకెళ్లండి. చిన్న స్టూలు వేసి నిలబెట్టండి, సబ్బు వాడి చేతికివ్వండి. నీళ్లు నేల మీద పోతాయి, మీ కుర్తీ తడుస్తుంది, రెండు నిమిషాల పని ఎనిమిది నిమిషాలవుతుంది. పోనివ్వండి. దుమ్ము పట్టింపు మరీ ఎక్కువైతే, వాకిట్లో కుళాయి ఉన్నవాళ్లు అక్కడే కడిగేసుకుని లోపలికి రావచ్చు. ఆ పది నిమిషాలూ ఫోను బ్యాగులోనే ఉండాలి. అత్తయ్యగారు ఆ రోజు గ్యాస్ బండ వచ్చిందా, పనమ్మాయి రాలేదా చెప్పబోతే, ‘ఒక్క పది నిమిషాలు అత్తయ్యా, వీడి సంగతి చూసి వస్తా’ అనండి.

రెండోది ఆకలి. వాడి రాత్రి అన్నం ఎన్నింటికో మీరు రాయలేదు. కానీ మన ఇళ్లలో ‘అమ్మ వచ్చాక తినిపిస్తుందిలే’ అని ఆపడం మామూలే. మధ్యాహ్నం నిద్ర లేచి పాలు తాగిన పిల్లాడు ఏడుంబావు దాకా ఖాళీ కడుపుతో ఉంటే పెద్దవాళ్లమే కసురుకుంటాం, వాడు కొరకడా? ఆరున్నరకి చిన్న గిన్నెలో పెరుగన్నమో, అరటిపండు గుజ్జో పెట్టమని అత్తయ్యగారిని అడగండి. నిద్ర కూడా ఒకసారి లెక్క వేసుకోండి. ఈ వయసులో పగలు, రాత్రి కలిపి 11 నుంచి 14 గంటలు పడుకోవాలి. ఎండాకాలం కరెంటు పోయి మధ్యాహ్నం నిద్ర చెడిన రోజున సాయంత్రం గాటు ఖాయం అనుకోండి.

నమ్మకం కలగకపోతే, గోడ మీద పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ గడిలోనే వాడు కొరికిన టైము కూడా రాయండి. రెండు వారాలు చాలు. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, మూడు ముక్కలు. చాలామంది తల్లులు ‘రోజంతా కొరుకుతూనే ఉంటాడు’ అని వచ్చి, రాసి చూశాక ‘అంతా ఒక్క గంటలోనే ఉంది మేడమ్’ అన్నారు.

ఇంత చేసినా కొరుకుతాడు. అప్పుడేం చెయ్యాలి?

లాగకండి. లాగితే చర్మం చీరుకుపోతుంది, మీకు రక్తం వచ్చింది అందుకే అయ్యుంటుంది. వాడి తలని మీవైపే కాస్త అదిమితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. లేదంటే పెదవి మూల నుంచి చిటికెనవేలు దూర్చండి. కెవ్వుమని అరవకుండా ఉండటానికి చూడండి. కష్టమే, తెలుసు. మీ కెవ్వుమనే కేక వాడికి భలే తమాషా బొమ్మ. నొక్కితే మోగుతుంది. మళ్లీ నొక్కాలనిపిస్తుంది.

కిందికి దింపండి. వాడి కళ్లల్లోకి చూసి, మామూలు గొంతుతో, నవ్వకుండా, ‘కొరకొద్దు. అమ్మకి నొప్పి’ అనండి. అంతే. ‘ఎన్నిసార్లు చెప్పాను నీకు, మంచి అబ్బాయివి కదా, అమ్మ పాపం కదా’ అని మొదలుపెడితే నాలుగో మాట దగ్గరే వాడు ఫ్యాను వంక చూస్తుంటాడు. గాటు పడిన చోట చూపించి, అర నిమిషం ఎత్తుకోకుండా పక్కనే ఉండండి. గదిలో పెట్టి గడియ వెయ్యడం, వదిలేసి వెళ్లిపోవడం వద్దు. వాడి బాధే మీరు వెళ్లిపోవడం గురించి కదా. అర నిమిషం అయ్యాక, వాడికి కావాల్సింది ఎలా అడగాలో చూపించండి. చేతులు చాపి ‘ఎత్తుకో’ అనడం. ముద్దొచ్చేస్తే నోటితో కాకుండా రెండు చేతులతో మెడ గట్టిగా పట్టుకోవడం. ‘వద్దు’, ‘ఇంకా’, ‘నాది’, ‘ఎత్తుకో’. ఈ నాలుగు మాటలూ ఈ నెలలో నేర్పారంటే సగం కొరుకుడు తగ్గిపోతుంది. నా స్కూల్లో పిల్లలకి రంగుల పేర్ల కంటే ముందు ‘వద్దు’ నేర్పేదాన్ని. కొందరు తండ్రులకి నచ్చేది కాదు. ఇంట్లో ప్రతిదానికీ ‘వద్దు’ అంటున్నాడని ఫిర్యాదు. కొరకడం కంటే నయం కదండీ అనేదాన్ని.

‘సారీ చెప్పు, అమ్మకి ముద్దు పెట్టు’ అని బలవంతపెట్టకండి. ఆ వయసులో అది ఉత్త చిలక పలుకు. కొరికి, సారీ చెప్పి, ముద్దు పెట్టి, మళ్లీ కొరికే పిల్లల్ని చూశాను.

మొదటి నాలుగైదు రోజులు కొరుకుడు ఎక్కువైనా కంగారు పడకండి. ఇన్నాళ్లూ మోగిన బొమ్మ ఎందుకు మోగడం లేదా అని ఇంకాస్త గట్టిగా నొక్కి చూస్తాడు.

పళ్ల సలుపుకి వేరేగా ఏదైనా ఇవ్వండి. శుభ్రమైన బట్ట తడిపి, ముడి వేసి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తే చక్కగా నములుతారు. ఇది మామిడిపళ్ల కాలం. రసం పిండేసిన పెద్ద టెంక ఒకటి చేతికిచ్చి, మీరు పక్కనే కూర్చోండి. అరగంట ఇల్లు నిశ్శబ్దం, తర్వాత స్నానం తప్పదు. జంతికలు, చేగోడీలు, పచ్చి క్యారెట్ ముక్కలు ఇవ్వొద్దు, విరిగి గొంతుకి అడ్డం పడతాయి. మందుల షాపులో చిగుళ్లకి రాసే జెల్ అడగబోతారేమో, అందులో బెంజోకైన్ (మొద్దుబార్చే మందు) ఉంటే వద్దు. రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉందని, రెండేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గట్టిగా హెచ్చరించింది.

రాత్రి పాల దగ్గర కొరకడం వేరే కథ. పిల్లలు నిజంగా పాలు లాగుతున్నంతసేపు నాలుక కింది పళ్ల మీద పరుచుకుని ఉంటుంది, కాబట్టి కొరకలేరు. కడుపు నిండాక, నిద్రలోకి జారుతూ, లేదా ఆటకి దిగినప్పుడే పళ్లు పడతాయి. గుటకలు తగ్గి ఊరికే చప్పరిస్తున్నాడనిపించగానే వేలు దూర్చి విడిపించెయ్యండి. కొరికితే ఆ పూటకి పాలు అంతే. పాలు మాన్పించడానికి వేపాకు ముద్ద రాయమనో, కాకరకాయ రసం రాయమనో ఎవరో ఒకరు ఇప్పటికే చెప్పి ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ల దాకా, ఇష్టమైతే ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వమంటుంది. పగలంతా దూరంగా ఉండే మీ ఇద్దరికీ ఆ రాత్రి పాలే పెద్ద ఓదార్పు కావచ్చు. మాన్పించాలనుంటే మాన్పించండి, మీ ఇష్టం. కొరికాడన్న ఒక్క కారణానికి చేదు పుయ్యకండి.

మీ ఇంటి మిగతా జనం సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే చాలా ఇళ్లలో పని ఇక్కడే చెడుతుంది.

మీవారి ‘హాం హాం’ ఆట చూడండి. మనందరం చేసేదే. ‘బూరెబుగ్గలు కొరుక్కు తినేస్తా’ అంటాం, పొట్ట మీద మూతి పెట్టి గుర్రుమంటాం, పిల్లాడు కిలకిలా నవ్వుతాడు. అది ముద్దు. కానీ వాడి లెక్కలో, బాగా ఇష్టమైన వాళ్లని నోటితో పట్టుకోవాలి, అప్పుడు నవ్వు వస్తుంది. మొదటిసారి మిమ్మల్ని కొరికినప్పుడు నాన్న నిజంగానే నవ్వాడు కూడా. పాఠం పూర్తయింది! నాన్న పళ్లు పైపైన ఆగుతాయి, ఎంతలో ఆపాలో వాడికి తెలియదు. ఒక నాలుగు నెలలు ఆ ఆటకి సెలవివ్వమనండి. గాల్లోకి ఎగరెయ్యమనండి, ఉప్పుమూట మొయ్యమనండి, ఏనుగెక్కించమనండి. ‘గారాబం చేశావు’ అన్న మాటకి ఇదే మీ జవాబు. కాస్త నవ్వుతూనే అనండి, పోట్లాట పెట్టుకోకండి.

ఇంకోటి. పిల్లాడు కింద పడితే మన పెద్దవాళ్లు ఏం చేస్తారు? ‘నేల కొట్టిందా నాన్నా? నేలని కొట్టేద్దాం’ అని నేలని నాలుగు చరుస్తారు. పిల్లాడు ఏడుపు ఆపి తనూ చరుస్తాడు. ఎంత ముచ్చటగా ఉంటుందో. నాకు నొప్పి పుడితే ఎదురుగా ఉన్నదాన్ని కొట్టాలని వాడికి అంతకంటే బాగా ఎవరూ నేర్పలేరు. ఈ మాట అత్తయ్యగారికి మీరు చెప్తే ‘మేమంతా పిల్లల్ని పెంచలేదా’ అని వస్తుంది. ఈ ఉత్తరమే చదివి వినిపించండి, నామీద పెట్టెయ్యండి. ఆవిడ అంత ఓపిగ్గా పిల్లాణ్ణి చూసుకోబట్టే మీరు ఆ బస్సెక్కగలుగుతున్నారని కూడా నేనన్నానని చెప్పండి, నిజంగానే అంటున్నాను. ఆవిడ చెయ్యాల్సింది ఒకటే. మీరన్న ఆ రెండు మాటలే తనూ అనడం. ‘కొరకొద్దు, నొప్పి.’ ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా మాట్లాడితే వాడు మూడూ వదిలేస్తాడు.

కారం. గుంటూరులో కూర్చుని కారం గురించి నేను వేరే చెప్పాలా? మిర్చి కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే ఏమవుతుందో మీ పిన్నికి తెలియనిది కాదు. పెదాలకి రాసిన కారం పెదాల మీద ఆగదు. చేత్తో తుడుచుకుంటాడు, ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటాడు, ఏడుపులో ఎగపీలిస్తే ఊపిరిలోకి పోతుంది. పిన్ని ప్రేమకొద్దీ చెప్పి ఉంటారు. ‘సరే పిన్నీ’ అని ఊరుకోండి, రాయకండి. రాస్తానని బెదిరించడం కూడా వద్దు.

పక్కింటావిడ సలహా నేను పాటించి చూశాను. ఇరవై ఏడేళ్ల కిందటి మాట. మావాడికి అప్పుడు 22 నెలలు. నా మెడ పక్కన కొరికితే, అప్పట్లో నాకూ ఒకావిడ చెప్పిందని, వాడి ముంజేతి మీద కొరికాను. గట్టిగా కూడా కాదు. వాడు నిర్ఘాంతపోయాడు. రెండు నిమిషాలు నా నోటివంకే చూశాడు. మానేస్తాడనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం వాడి అక్క బొమ్మ ఇవ్వలేదని, ఆ పిల్ల ముంజేతి మీద, సరిగ్గా నేను కొరికిన చోటే, సరిగ్గా అలాగే కొరికాడు. ముందు దాని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, తిన్నగా పెట్టుకుని మరీ. నేను పట్టుకున్నట్టే. తర్వాత ఎవరెవరో ఎన్నో పుస్తకాలిచ్చారు నాకు, ఆ మధ్యాహ్నం నేర్పినంత ఏదీ నేర్పలేదు.

ఇక మీరు కొట్టిన ఆ దెబ్బ. ఒక్క దెబ్బతో పిల్లాడి మనసు విరిగిపోదు. వాడు ఏడవకుండా చూసింది, నమ్మలేక. కొట్టింది మీరేనా అని చూసుకున్నాడు. ఇప్పటికైనా ఆలస్యం కాలేదు. ఏదో ఒక ప్రశాంతమైన పూట ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘ఆ రోజు అమ్మ కొట్టింది. తప్పు. అమ్మకి నొప్పి పుట్టింది, కోపం వచ్చింది’ అని వాడికి చెప్పండి. వాడికి ఎంత అర్థమవుతుందో కానీ, మీకు ఆ రాత్రి నిద్ర పడుతుంది. మళ్లీ అంత కోపం వచ్చినప్పుడు వాణ్ణి జాగ్రత్తగా కింద కూర్చోబెట్టి, అత్తయ్యగారికో మీవారికో అప్పగించి, వంటింట్లోకి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగి రండి. తల్లి కోపం రాని మనిషేం కాదు. పొద్దున్నుంచీ ఉద్యోగం, బస్సులో నిలబడి ప్రయాణం, ఇంటికొస్తే గాటు. మీ ఉత్తరంలో మీకు అలసట అన్న మాటే లేదు, నాకు మాత్రం ప్రతి వరసలోనూ కనిపించింది. వారంలో రెండు సాయంత్రాలైనా వంట మీ చేతిలో లేకుండా చూడమని మీవారితో మాట్లాడండి. ఇదీ కొరుకుడికి మందే.

మంగళగిరి గృహప్రవేశం గురించి ఎక్కువ బాధపడకండి. హోమం పొగ, మైకు, చేతులు మార్చి ఎత్తుకునే పాతికమంది చుట్టాలు. అలాంటి చోట్ల ముందే వాడికి కడుపు నింపి, గంటకోసారి ఓ పది నిమిషాలు బయట చెట్టు కిందికో, మేడ మీదికో తీసుకెళ్లండి. వాడు మొహం మీ మెడలో దాచుకుంటున్నాడన్నా, దవడ బిగిస్తున్నాడన్నా, ఉన్నట్టుండి బిర్రబిగుసుకున్నాడన్నా ఇంకో రెండు క్షణాల్లో పళ్లు పడతాయి. ఆ రెండు క్షణాల్లో వాణ్ణి బయటివైపు మొహం ఉండేలా తిప్పేసి ఎత్తుకుంటే చాలు.

గాటు సంగతి చిన్నగా. చర్మం తెగితే ముందు కుళాయి కింద సబ్బుతో బాగా కడగండి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. రక్తం వచ్చిందన్నారు కాబట్టి టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో చూసుకుని డాక్టర్ని అడగండి. ఎర్రబడి, వాచి, చీము పట్టినట్టుంటే ఆగకుండా వెళ్లండి. మనిషి గాటే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, ముఖ్యంగా చేతివేళ్ల మీద పడితే.

డాక్టరుకి చూపించాల్సిన పిల్లలు కొందరుంటారు. మీ ఉత్తరంలో ఆ జాడలేవీ నాకు కనపడలేదు, అయినా తెలిసి ఉండాలి. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోవడం, రెండేళ్లు నిండినా ‘అమ్మ దా’, ‘బువ్వ వద్దు’ లాగా రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం, తనని తానే కొరుక్కోవడం, మూడేళ్లు దాటినా కొరకడం తగ్గకపోవడం. మాటలు ఆలస్యమైతే చెవి పరీక్ష ముందు చేయించాలి. మట్టి, సున్నం, కాగితాలు తింటుంటే రక్తం తక్కువుందేమో చూస్తారు. మీ పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టొచ్చు. ఖర్చుకి వెనకాడే వాళ్లుంటే, 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకి ఇలాంటి పరీక్షలు ఉచితంగానే చేస్తారు, దగ్గర్లోని అంగన్‌వాడీలో అడగండి.

ఫోన్లో పాటలు పెట్టి కూర్చోబెడితే సాయంత్రం కొరకడం లేదని ఒకావిడ పోయిన నెల నాకు రాసింది. నోటికి తాళం పడుతుంది, నిజమే. ఫోను తీసేసిన మరుక్షణం వడ్డీతో సహా కొరుకుతాడు. పైగా మాటలు రావాల్సిన వయసు.

ఆ పొడుగు చేతుల కుర్తీలు మాత్రం రేపే బీరువాలో పెట్టెయ్యండి. గుంటూరు ఎండలో, నిలబడి చేసే ఆ బస్సు ప్రయాణంలో మీకు వడదెబ్బ తగిలితే ఆ పిల్లాణ్ణి సాయంత్రం ఎవరు చూస్తారు? ఆఫీసులో ఎవరైనా అదేంటని అడిగితే, మా బుడ్డోడు కొరికాడని చెప్పండి. పక్క సీటావిడ కూడా చెయ్యి ముందుకి చాపి తన మచ్చ చూపిస్తుంది, చూడండి.